ఆదిలోనే హంసపాదు: జాంగో నేర్చుకునేవారి తొలి తప్పులు

తాటాకుల మీద గ్రంథాలు రాసిన రోజుల్లో లేఖకుడు ఒక అక్షరమో మాటో వదిలేస్తే, ఆ చోట హంస పాదం లాంటి చిన్న గుర్తు పెట్టి, విడిచిపోయినదాన్ని పక్కనో పైనో రాసేవాడు. మొదటి వరుసలోనే ఆ గుర్తు పడితే అది 'ఆదిలోనే హంసపాదు'. పని మొదట్లోనే చెడిందని చెప్పడానికి ఇవాళ ఆ మాట వాడుతున్నాం. నిజానికి హంసపాదు తప్పు కాదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఏది వదిలిపోయిందో చూపించే గుర్తు.

వెబ్ అప్లికేషన్లు తయారు చేయడం నేర్చుకునేవారికి మొదటి సాయంత్రమే తెర మీద ప్రత్యక్షమయ్యే దోష సందేశాలు కూడా ఇలాంటివే. అవి మన తెలివితక్కువతనానికి పడిన మార్కులు కావు. యంత్రం తీసి చూపిన కొలతలు. ఈ సంగతి తెలియక, తెర నిండా ఇంగ్లీషు చూసి 'ఇది మన వల్ల కాదు' అని లాప్‌టాప్ మూసేసేవారు ఎందరో. ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చినవారు. వారి కోసమే ఈ వ్యాసం.

చెరువు గట్టున ఒక చిన్న పని

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో తెలీబంధా అనే పేట ఉంది. అదే పేరుతో ఒక చెరువూ ఉంది. తేలీలంటే గానుగాడించి నూనె తీసేవారు. బంధా అంటే కట్ట వేసిన చెరువు. సాయంత్రమైతే గట్టు మీది నడకదారి జనంతో నిండిపోతుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని మెరైన్ డ్రైవ్ అని పిలుచుకుంటారు. పార్వతీపురం నుంచి రాయపూర్ వరకు రైలుమార్గం 1931లో పూర్తయింది. విజయనగరం వైపు నుంచి రాకపోకలు అలా సులువయ్యాయి. రాయపూర్‌లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి.

అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన నలుగురు కాలేజీ విద్యార్థులు రోజూ తెల్లవారుజామున, మధ్యాహ్నం చెరువు నీటిని పరీక్షించి నోటుపుస్తకంలో రాసుకుంటున్నారని అనుకుందాం. నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, నీటిలో కరిగిన ఆక్సిజన్: ఈ మూడే కొలతలు. కొన్నాళ్ళకు వాటిని తెలుగులో చూపించే వెబ్‌సైటు కట్టాలని వారికి అనిపించింది. పైథాన్ కొంచెం వచ్చు కాబట్టి జాంగో ఎంచుకున్నారు.

జాంగో పుట్టింది కూడా ఇలాంటి స్థానిక అవసరం నుంచే. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే పట్టణం ఉంది. అక్కడి దినపత్రికలో పనిచేస్తున్న ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విలిసన్ 2003లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. పత్రిక గడువులకు తగ్గట్టు గంటల్లో పేజీలు కట్టడం వారి అవసరం. 2005 జులైలో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు పెట్టారు. ఇన్‌స్టాగ్రామ్ లాంటి పెద్ద సంస్థ కూడా దీని మీదే ఎదిగింది.

అర్జీ ఎక్కడ ఆగింది?

ఫ్రేమ్‌వర్క్ అంటే ప్రతి వెబ్‌సైటుకూ కావలసిన సాధారణ పనులను ముందే చేసిపెట్టిన చట్రం. దాని లోపలి నడకను ఒక ప్రభుత్వ కార్యాలయంతో పోల్చుకోవచ్చు. బ్రౌజరు నుంచి వచ్చే కోరిక ఒక అర్జీ. ఇన్‌వార్డు గుమాస్తా చిరునామా చూసి అది ఏ సెక్షనుకు పోవాలో తేలుస్తాడు. జాంగోలో ఈ పని యూఆర్ఎల్స్ ఫైలుది. సెక్షన్ గుమాస్తా అర్జీ చదివి ఏం చేయాలో నిర్ణయిస్తాడు. అది వ్యూ. అతనికి పాత వివరాలు కావాలంటే రికార్డు గదికి పోవాలి. అది మోడల్, దాని వెనకున్న డేటాబేస్. చివరికి జవాబును ఒక అచ్చు ఫారంలో నింపి పంపాలి. అది టెంప్లేట్.

ఈ నాలుగు చోట్లనూ గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. ఏ దోష సందేశం వచ్చినా మొదట వేసుకోవలసిన ప్రశ్న 'ఎందుకు?' కాదు, 'అర్జీ ఎక్కడ ఆగింది?'

అభివృద్ధి దశలో జాంగో లేత పసుపు పట్టీతో ఒక పేజీ చూపిస్తుంది. ఆ పట్టీలో దోషం పేరు, ఒక వాక్యంలో దాని వివరం, ఏ ఫైలులో ఏ వరుస దగ్గర జరిగిందో ఉంటాయి. దాని కింద ట్రేస్‌బ్యాక్ అనే పొడవాటి జాబితా ఉంటుంది. ఎవరు ఎవరిని పిలిస్తే పని అక్కడిదాకా వచ్చిందో చెప్పే వంశవృక్షం అది. దాన్ని కింది నుంచి పైకి చదవాలి. చివరి వరుసలో పని ఆగిపోయిన చోటు ఉంటుంది. అక్కడి నుంచి పైకి వస్తూ, మీరు స్వయంగా రాసిన ఫైలు పేరు మొదట కనబడిన చోట ఆగండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. మిగతా వరుసలు జాంగో సొంత ఫైళ్ళవి. వాటిని చూసి కంగారు పడనక్కరలేదు, వాటిని దిద్దబోవడం అసలే వద్దు.

తలుపు దగ్గరే ఆగిపోతే

నలుగురు విద్యార్థులకు ఎదురయ్యే మొదటి సందేశం 'నో మాడ్యూల్ నేమ్డ్ జాంగో'. జాంగో అనేదే లేదంటోంది పైథాన్. నిన్ననే కదా స్థాపించాం! స్థాపించిన మాట నిజమే, కానీ వేరే గదిలో. ఒక్కో ప్రాజెక్టుకు కావలసిన సామగ్రిని విడిగా ఉంచడానికి పైథాన్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనే ఏర్పాటు ఉంది. జాంగోను ఆ గదిలో పెట్టి, ఇవాళ కొత్త టెర్మినల్ తెరిచి, గదిలోకి అడుగుపెట్టకుండానే వస్తువు వెతుకుతున్నాం. ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేస్తే సరిపోతుంది. మళ్ళీ మళ్ళీ స్థాపించడం మందు కాదు. దానివల్ల ఒకే కంప్యూటర్లో మూడు చోట్ల మూడు వెర్షన్లు పోగుపడతాయి.

రెండోది 'పోర్టు ఇప్పటికే వాడకంలో ఉంది' అనే సందేశం. జాంగో అభివృద్ధి సర్వరు మామూలుగా 8000 నంబరు పోర్టు దగ్గర కూర్చుంటుంది. ఇంకో టెర్మినల్లో పాత సర్వరు నడుస్తూనే ఉంటే కొత్తదానికి కుర్చీ ఖాళీ ఉండదు. పాతదాన్ని ఆపాలి, లేదా కొత్తదానికి 8001 ఇవ్వాలి.

ఇవి దాటాక రాకెట్టు బొమ్మతో స్వాగత పేజీ వస్తుంది. ఇల్లు అలకగానే పండగ కాదు. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

చిరునామా తప్పితే

'పేజీ దొరకలేదు' అనే 404 సందేశం అందరికీ తెలిసిందే. అయితే అభివృద్ధి దశలో జాంగో ఇచ్చే 404 పేజీలో ఒక విలువైన జాబితా ఉంటుంది. వచ్చిన చిరునామాను తాను ఏయే నమూనాలతో, ఏ వరుసలో సరిపోల్చి చూసిందో అది చెబుతుంది. మీరు రాసిన నమూనా ఆ జాబితాలోనే లేకపోతే, యాప్‌లోని యూఆర్ఎల్స్ ఫైలును ప్రాజెక్టు యూఆర్ఎల్స్ ఫైలుకు కలపడం మరిచిపోయారన్నమాట. జాబితాలో ఉండి కూడా సరిపోలకపోతే అక్షరాలు పోల్చి చూడండి. ఒక గీత, ఒక ఏకవచనం, ఒక బహువచనం తేడాగా ఉంటుంది.

ఇక్కడే కొంచెం తికమక పెట్టే తప్పు ఒకటుంది. జాంగో నమూనాలను పై నుంచి కిందికి చూస్తూ, సరిపోయిన మొదటిదాన్ని పట్టుకుని ఆగిపోతుంది. 'కొలతలు, ఆ తర్వాత ఏదైనా ఒక మాట' అనే నమూనాను పైన రాసి, 'కొలతలు, కొత్త' అనేదాన్ని కింద రాశారనుకోండి. 'కొత్త' అనే మాటను కూడా పై నమూనాయే ఒక తేదీ అనుకుని పట్టేస్తుంది. కింద రాసింది ఎప్పటికీ వంతుకు రాదు. విశేషమైన నమూనాలు పైన, సర్వసాధారణమైనవి కింద ఉండాలి.

రికార్డు గదిలో అల్మరా లేకపోతే

'నో సచ్ టేబుల్' అనే సందేశం తగలని జాంగో విద్యార్థి ఉండడు. కొలతల కోసం ఒక మోడల్ రాశారు. దాన్ని వాడే పేజీ రాశారు. తెరిస్తే, అలాంటి పట్టికే లేదంటోంది. మోడల్ అనేది అల్మరాకు వేసిన నక్షా మాత్రమే. నక్షా గీసినంత మాత్రాన అల్మరా రాదు. మేక్‌మైగ్రేషన్స్ అనే ఆదేశం నక్షా చూసి వడ్రంగికి పనిచీటీ రాస్తుంది. మైగ్రేట్ అనే ఆదేశం ఆ చీటీ ప్రకారం అల్మరా చేయించి గదిలో పెడుతుంది. ఈ రెండింటిలో ఏది మరిచిపోయినా గది ఖాళీయే.

ఒక్కోసారి మేక్‌మైగ్రేషన్స్ ఇస్తే 'మార్పులేమీ లేవు' అంటుంది. కళ్ళెదుట మోడల్ కనబడుతుంటే లేవంటుందేమిటి? సెట్టింగ్స్ ఫైలులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ అనే జాబితా ఉంటుంది. మీ యాప్ పేరు అందులో చేర్చకపోతే జాంగో దృష్టిలో ఆ యాప్ లేనట్టే.

ఇప్పుడు నిజంగా జాగ్రత్త పడవలసిన చోటికి వచ్చాం. మొదట్లో విద్యార్థులు ఉష్ణోగ్రత, పీహెచ్ మాత్రమే నమోదు చేశారనుకుందాం. నెల తర్వాత ఆక్సిజన్ కొలిచే పరికరం దొరికింది. మోడల్‌లో కొత్త గడి చేర్చి మేక్‌మైగ్రేషన్స్ ఇస్తే జాంగో ఆగి ఒక ప్రశ్న వేస్తుంది: 'ఖాళీగా ఉండకూడని గడిని చేర్చుతున్నారు. పాత వరుసల్లో ఏం పెట్టమంటారు?' తొందరలో ఉన్నవారు 0 అని కొట్టేస్తారు. ప్రశ్న మాయమవుతుంది, పని సాగిపోతుంది.

కానీ 0 అనేది ఒక కొలత. కొలవకపోవడం అనేది వేరే సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో వన్యప్రాణులకు, చేపల పెంపకానికి తగిన నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి. 0 అంటే చేపలు బతకలేని నీరని అర్థం. నెల రోజుల పాత వరుసలన్నీ ఇప్పుడు చెరువు చచ్చిపోయిందని చెబుతున్నాయి. ఆ నెలను కలిపి సగటు తీస్తే అదీ తప్పే. ఇక్కడ చేయవలసింది ఆ గడి ఖాళీగా ఉండవచ్చని మోడల్‌లోనే నల్ అనే ఎంపికతో చెప్పడం. ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు ఏదో ఒకటి రాసి ముందుకు పోవడం ప్రయోగశాలలో ఎంత తప్పో ఇక్కడా అంతే తప్పు.

ఫారం దొరక్కపోతే, ముద్ర లేకపోతే

'టెంప్లేట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటే అచ్చు ఫారం దొరకలేదని. ఈ పేజీలోనూ జాంగో తాను ఏయే ఫోల్డర్లు వెతికిందో వరుసగా రాసిపెడుతుంది. ఆ భాగానికి పోస్ట్‌మార్టమ్ అనే పేరు పెట్టారు. ఆ జాబితాలోని దారినీ, మీ ఫైలు నిజంగా ఉన్న దారినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఫోల్డరు పేరు టెంప్లేట్స్ అని బహువచనంలో ఉండాలి. టెంప్లేట్ అని ఏకవచనంలో పెట్టడం అతి సాధారణమైన పొరపాటు. దారి అంతా సరిగ్గా ఉన్నా దొరకకపోతే మళ్ళీ ఇన్‌స్టాల్డ్ యాప్స్ వైపు చూడండి.

తర్వాతిది 403, 'సీఎస్ఆర్ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్'. కొలతలు నమోదు చేసే ఫారం నింపి పంపగానే ఇది వస్తుంది. దీని వెనక కారణం తెలిస్తే కోపం రాదు. మీరు మీ సైటులో లాగిన్ అయి ఉన్నారు. అదే బ్రౌజరులో ఇంకో దురుద్దేశపు పేజీ తెరిచారు. ఆ పేజీ మీకు తెలియకుండా మీ సైటుకు ఒక ఫారం పంపితే, బ్రౌజరు మీ గుర్తింపును కూడా జతచేసి పంపే ప్రమాదం ఉంది. ఫారం నిజంగా మన సైటు నుంచే వచ్చిందని తేల్చడానికి జాంగో ప్రతి ఫారం మీదా ఒక రహస్య ముద్ర కోరుతుంది. టెంప్లేట్‌లో ఫారం లోపల సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ అనే ఒక్క మాట చేర్చితే ముద్ర పడుతుంది.

దీనికి ఇంకో 'పరిష్కారం' కూడా తేలిగ్గా దొరుకుతుంది. ఆ వ్యూకు ముద్ర తనిఖీ అక్కరలేదని మినహాయింపు రాయడం. సందేశం పోతుంది. ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు పారేయడం లాంటిది ఇది.

గట్టు మీద ఫోనులో తెరవాలంటే

లాప్‌టాప్‌లో అంతా బాగుంది. ఇప్పుడు చెరువు గట్టు మీద కూర్చుని, అదే వైఫైలో ఉన్న ఫోను నుంచి తెరవాలి. ఏమీ రాదు. కారణం, అభివృద్ధి సర్వరు మామూలుగా తన సొంత కంప్యూటరు మాటే వింటుంది. అన్ని వైపుల నుంచీ వినమని చెప్పడానికి 0.0.0.0:8000 అని చిరునామా ఇచ్చి నడపాలి. అప్పుడు ఫోనులో లాప్‌టాప్ నెట్‌వర్క్ చిరునామా కొడితే కొత్త సందేశం వస్తుంది: 'డిసలౌడ్ హోస్ట్'. ఏ పేరుతో పిలిస్తే పలకాలో చెప్పే జాబితా సెట్టింగ్స్‌లో ఉంటుంది. దానికి అలౌడ్ హోస్ట్స్ అని పేరు. ఆ చిరునామాను అందులో చేర్చాలి. చుక్క గుర్తు ఒకటి పెట్టి అందరికీ తలుపు తీసేయడం సులువే. అది ఇంట్లో పరీక్షకు సరేగానీ సైటును లోకంలోకి పంపేటప్పుడు కాదు.

లోకంలోకి పంపేటప్పుడు మరిచిపోకూడనిది డీబగ్ అనే మీట. అది ఆన్‌లో ఉన్నంతసేపూ మనకు సాయపడిన పసుపు పేజీ, దారినపోయేవాళ్ళకు కూడా మన కోడును, ఫైళ్ళ దారులను, సెట్టింగ్స్‌ను తెరిచి చూపిస్తుంది. పాస్‌వర్డు, కీ లాంటి పేర్లున్న విలువలను జాంగో చుక్కలతో కప్పేస్తుంది. తక్కినవి కప్పదు. కాబట్టి ఆ మీట ఆపాలి. ఆపగానే రంగులు, బొమ్మలు మాయమై పేజీ బోసిగా కనబడుతుంది. డీబగ్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే అభివృద్ధి సర్వరు స్టాటిక్ ఫైళ్ళను తానే వడ్డిస్తుంది. ఆ తర్వాత వాటిని కలెక్ట్‌స్టాటిక్ ఆదేశంతో ఒకచోట చేర్చి, వడ్డించే బాధ్యత అసలు వెబ్ సర్వరుకు అప్పగించాలి. రంగులు పోయాయని మీటను మళ్ళీ ఆన్ చేసి వదిలేయడం ఈ దశలో జరిగే తప్పుల్లోకెల్లా పెద్దది.

పట్టా వెడల్పు తేడా

ఒకప్పుడు రాయపూర్ నుంచి ధమ్తరీ వెళ్ళే నారోగేజ్ రైలు తెలీబంధా మీదుగా సాగేది. ఆ పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజ్‌లో అది 1,676 మిల్లీమీటర్లు. పెట్టె ఎంత గట్టిదైనా తన కొలత కాని పట్టా మీద నడవదు. పాత పాఠం చూసి కొత్త జాంగోలో రాసే కోడు పరిస్థితి ఇదే.

2017 డిసెంబరులో వచ్చిన జాంగో 2.0లో చిరునామాలు రాసే పద్ధతి పాత్ అనే కొత్త రూపంలోకి మారింది. అదే వెర్షను నుంచి ఒక పట్టికను ఇంకో పట్టికతో ముడిపెట్టేటప్పుడు, అవతలి వరుస తొలగిపోతే ఏం చేయాలో ఆన్ డిలీట్ ద్వారా చెప్పడం తప్పనిసరి అయింది. పాత పద్ధతిలోని యూఆర్ఎల్ అనే ఫంక్షన్ 4.0లో పూర్తిగా పోయింది. 5.0 నుంచి లాగౌట్ కేవలం లింకు నొక్కితే జరగదు, ఫారం ద్వారానే జరగాలి. లేకపోతే 405 సందేశం వస్తుంది. కాబట్టి ఏ పాఠం తెరిచినా ముందు అది ఏ వెర్షనుకు రాసిందో చూడండి. మీ దగ్గరున్న వెర్షనుతో పోల్చండి. 'కెనాట్ ఇంపోర్ట్ నేమ్' అనే సందేశం వచ్చినప్పుడు మొదట అనుమానించవలసింది దీన్నే.

మాట్లాడని తప్పులు

ఇంతవరకు చూసినవన్నీ అరిచి చెప్పే తప్పులు. అవి మంచివి. పని ఆపేస్తాయి కాబట్టి దిద్దక తప్పదు. భయపడవలసింది మాట్లాడని తప్పులకు. టెంప్లేట్‌లో ఒక గడి పేరు తప్పుగా రాస్తే జాంగో ఏ సందేశమూ ఇవ్వదు. ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది. ఇది చిన్న ఉదాహరణ. పెద్దవి ఇంకో రెండు ఉన్నాయి.

మొదటిది గడియారం. కొత్త ప్రాజెక్టు తెరవగానే సెట్టింగ్స్‌లో సమయ మండలం యూటీసీ అని ఉంటుంది. భారత ప్రామాణిక సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మన సమయానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఛత్తీస్‌గఢ్ మీదుగా సాగి, కాకినాడ సమీపంలో సముద్రాన్ని చేరుతుంది. రాయపూర్ ఆ రేఖకు ఒక డిగ్రీ లోపే పడమరగా ఉంది. అందుకే అక్కడ గడియారంలో పన్నెండయ్యే వేళకు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. గడియారానికీ సూర్యుడికీ ఇంత దగ్గరగా పొత్తు కుదిరిన ఊళ్ళో కూర్చుని, మనం కట్టిన సైటు గ్రీన్‌విచ్ వేళ చూపిస్తూ ఉంటుంది.

ఇందులో ఏముంది, ఐదున్నర గంటలు కలుపుకుంటే పోలేదా అనిపించవచ్చు. చెరువు సంగతి ఆలోచించండి. పగలు నాచు, నీటి మొక్కలు ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్ విడుస్తాయి. రాత్రి అవీ, చేపలూ, సూక్ష్మజీవులూ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే ఇలాంటి చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ తెల్లవారే ముందు అతి తక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా ఉంటుంది. తెల్లవారి 5:30కు తీసిన కొలత సైటులో అర్ధరాత్రి 12 గంటలకు తీసినట్టు కనబడుతుంది. 5 గంటలకే తీస్తే ముందు రోజు తేదీ పడుతుంది. మధ్యాహ్నం 3:30 నాటి శిఖరం ఉదయం 10కి జరుగుతుంది. గ్రాఫు అందంగానే వస్తుంది. అది చెప్పే కథే తప్పు.

ఇంకో చిక్కు ఉంది. సమయాన్ని జాంగోయే స్వయంగా నమోదు చేసిన వరుసల్లో లోపలి విలువ సరైనదే, చూపించడంలోనే తేడా. చేతితో 5:30 అని టైపు చేసిన వరుసల్ని మాత్రం జాంగో యూటీసీ 5:30గా దాచుకుంది. చూపించేటప్పుడూ 5:30 అనే చూపిస్తుంది కాబట్టి అవి సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తాయి. తర్వాత మీరు మేలుకుని సమయ మండలాన్ని 'ఆసియా/కోల్‌కతా'గా మార్చగానే మొదటి రకం వరుసలు దారికి వస్తాయి. రెండో రకం వరుసలు 11 గంటలకు ఎగిరిపోతాయి. వాటి నుంచి ఐదున్నర గంటలు తీసివేయాలి. సెట్టింగ్ దిద్దితే పాత సమాచారం దానంతట అది దిద్దుకోదు. అందుకే ఒక్క కొలత కూడా ఎక్కించకముందే ఈ వరుస మార్చుకోవాలి. అడ్మిన్ పేజీలో సమయం గడి కింద 'మీరు సర్వరు సమయం కంటే 5.5 గంటలు ముందున్నారు' అనే అర్థంతో ఒక చిన్న గమనిక కనిపిస్తుంది. అదొక్కటే ఇక్కడి హంసపాదు. చాలామంది దాన్ని చదవరు.

రెండోది తెలుగు అక్షరాల సమస్య. పేజీ చిరునామాలో వాడే చిన్న పేరును స్లగ్ అంటారు. శీర్షిక నుంచి దాన్ని తయారు చేసే స్లగిఫై అనే ఫంక్షన్, మామూలుగా ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను మాత్రమే ఉంచుతుంది. 'తెలీబంధా' అని ఇస్తే మిగిలేది శూన్యం. ఆ శూన్యంతో చిరునామా కట్టబోతే 'నో రివర్స్ మ్యాచ్' అనే సందేశం వస్తుంది. ఇది అరిచే తప్పే, పర్వాలేదు. దీనికి విరుగుడుగా యూనికోడ్‌ను అనుమతించమని చెప్పే ఎంపిక ఉంది. అది పెట్టగానే 'తెలీబంధా' కాస్తా 'తలబధ' అవుతుంది!

కారణం యూనికోడ్ నిర్మాణంలో ఉంది. 'తెలీబంధా'లో మన కంటికి నాలుగు అక్షరాలే కనిపిస్తాయి. కంప్యూటరుకు అవి ఎనిమిది సంకేతాలు: త, ల, బ, ధ అనే నాలుగు హల్లులు, వాటి మీది ఎత్వం, గుడి దీర్ఘం, సున్న, దీర్ఘం. హల్లులు 'అక్షరాలు' అనే వర్గంలో ఉంటే, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు 'చిహ్నాలు' అనే వేరే వర్గంలో ఉన్నాయి. పైథాన్ నియమం ఆ చిహ్నాలను పదంలో భాగంగా లెక్కించదు, స్లగిఫై వాటిని ఊడ్చేస్తుంది. తెలుగుకు గుణింతం పోతే మిగిలేదేమిటి? 'నీరు', 'నారు', 'నోరు', 'నూరు' అన్నీ 'నర' అయిపోతాయి. నీటి గురించిన పేజీ కోరితే నారు గురించిన పేజీ తెరుచుకోవచ్చు. స్లగ్‌కు పునరావృతం కాకూడదనే షరతు పెట్టి ఉంటే రెండో పేజీ దాచుకోవడమే కుదరదు. తెలుగుకే కాదు, హిందీ మాత్రలకూ ఇదే గతి.

ఇప్పటికి సురక్షితమైన దారి ఒకటే. చిరునామాలో వరుస సంఖ్యో, చేత్తో రాసిన రోమన్ అక్షరాల పేరో వాడాలి. తెలుగును పేజీలోపల, శీర్షికలో పూర్తి గుణింతాలతో చూపించాలి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. తెలుగు చిరునామాను కాపీ చేస్తే ఒక్కో సంకేతం తొమ్మిది గుర్తులుగా సాగుతుంది. 'రాయపూర్' అనే ఏడు సంకేతాల మాట 63 గుర్తుల కొండవీటి చాంతాడు అవుతుంది.

నాలుగు అలవాట్లు

తప్పులన్నిటినీ బట్టీ పట్టడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. కావలసినవి నాలుగు అలవాట్లు.

ఒకటి, సందేశాన్ని పూర్తిగా చదవండి. ఇంగ్లీషు కష్టమైతే పట్టీలోని మొదటి రెండు వరుసలే నిదానంగా చదవండి. మాటలు కొన్నే ఉంటాయి, పదేపదే అవే వస్తాయి. జాంగోకు తెలుగు అనువాదం కొంతవరకు ఉంది. భాషను తెలుగుకు మారిస్తే అడ్మిన్ పేజీలో కొన్ని మాటలు మన లిపిలో కనిపిస్తాయి. డీబగ్ పేజీ మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది.

రెండు, అర్జీ నాలుగు చోట్లలో ఎక్కడ ఆగిందో తేల్చండి. చిరునామా, వ్యూ, మోడల్, టెంప్లేట్.

మూడు, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఐదు మార్పులు ఒకేసారి చేసి సైటు నడిస్తే, ఏది మందో తెలియదు. ఏది కొత్త రోగమో కూడా తెలియదు. భౌతికశాస్త్ర ప్రయోగంలో ఒక్క రాశిని మార్చి తక్కినవి స్థిరంగా ఉంచేది ఇందుకే.

నాలుగు, సైటు నడిచిందని సంతోషించే ముందు, జవాబు మీకు ముందే తెలిసిన ఒక కొలతను ఎక్కించి చూడండి. తెల్లవారి 5:30కు చేతిలో గడియారం చూసుకుని తీసిన కొలత తెర మీద ఏ వేళకు తీసినట్టు కనబడుతోంది? నోటుపుస్తకంలో ఖాళీగా వదిలిన గడి తెర మీద ఖాళీగానే ఉందా, 0 అయిందా? మాట్లాడని తప్పులను పట్టుకునే సాధనం ఇదొక్కటే.

మన నలుగురు విద్యార్థుల దగ్గర ఆ నోటుపుస్తకం ఇంకా ఉంది. సైటు తయారయ్యాక కూడా దాన్ని పారేయకూడదు. రేపు గ్రాఫులో చెరువు అర్ధరాత్రి ఊపిరాడక ఉన్నట్టు కనబడితే, అడగవలసింది చెరువునా, సెట్టింగ్స్ ఫైలునా అని తేల్చి చెప్పేది ఆ పుస్తకమే.